పడవను గట్టెక్కించే చోటు

ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అరవై ఒక్క రోజులపాటు, తూర్పు తీరంలో మరపడవల సముద్ర వేటకు విరామం. చేపలు గుడ్లు పెట్టే కాలమని ప్రభుత్వం విధించిన నిషేధం ఇది. ఆ రెండు నెలలలో కాకినాడ నుండి అంతర్వేది వరకు ఏ రేవుకు వెళ్ళినా నీటిమీద ఉండవలసిన పడవలు నేలమీద కనిపిస్తాయి. కొన్ని దుంగలపై నిలబడి ఉంటాయి, కొన్ని పక్కకు ఒరిగి ఉంటాయి. వాటి చుట్టూ సుత్తి చప్పుడు, రంపపు పొట్టు, కాగుతున్న గుగ్గిలం వాసన. చూడవచ్చిన వారికి అది సెలవు కాలంలా తోస్తుంది. పడవ గలవారికి మాత్రం సంవత్సరంలో ఇంతకు మించిన పనికాలం లేదు.

పడవను ఎక్కడ గట్టెక్కించాలి అన్న ప్రశ్న చిన్నదిగా కనిపిస్తుంది. గోదావరి లంకలలో ఒకే ఒక్క పడవపై బ్రతికే కుటుంబానికి అది ఇల్లు కట్టుకునే స్థలం ఎంచుకోవడమంత పెద్దది. చోటు తప్పితే పలక పగులుతుంది, కూలి రెట్టింపవుతుంది, వరద వచ్చేనాటికి పడవ గట్టుమీదే ఉండిపోతుంది.

మా పెదనాన్నగారి కుమారుడు ముమ్మిడివరం ప్రాంతంలో ఉంటాడు. నాకంటే పెద్దవాడు గనుక భాయ్‌జాన్ అంటాను. అతనికి ముప్పది ఆరు అడుగుల చెక్క పడవ ఉంది, డీజిల్ మోటారుది. లంకల నుండి కొబ్బరికాయలు, అరటి గెలలు, పశుగ్రాసం ఒడ్డుకు చేర్చుతాడు. ఎదుర్లంక వద్ద గౌతమిపై వంతెన వచ్చిన తరువాత మనుషుల రేవు బేరం తగ్గింది గాని, వంతెన చేరని లంకలు ఇంకా ఉన్నాయి. నిరుడు వర్షాకాలంలో పడవ అడుగున నీరు ఊరడం మొదలైంది. రోజుకు రెండుసార్లు తోడవలసినది కాస్తా నాలుగుసార్లు అయింది. మరమ్మతుకు కావలసిన సొమ్ములో కొంత అతని చేతిలో ఉంది, మిగతాది బంధువులు ఖర్జె హసనాగా ఇచ్చారు. వడ్డీ లేని అప్పు అడిగేవారు లేరని ఆలస్యం చేయతగినది కాదనీ, అది ఇంకా బరువైనదనీ అతని అభిప్రాయం. కనుక కూలికి ఇచ్చే ప్రతి రూపాయినీ తూచవలసి వచ్చింది. వడ్రంగి తప్పనిసరి అయిన పని వడ్రంగికి, మిగిలినదంతా తన చేతులతో, వేసవి సెలవులలో ఉన్న ఇద్దరు కొడుకుల చేతులతో చేసుకోవాలన్నది నిర్ణయం. ఇంటర్ చదువుతున్న కూతురు ఒక నోటుపుస్తకం తెచ్చి లెక్క రాయడానికి కూర్చుంది. చోటు వెతకడానికి అతనితో నేను కూడా తిరిగాను.

మొదటి సలహా మా వదినగారిది. ఇంటి ఎదుట ఇసుక మేట ఉండగా వేరే చోటెందుకని ఆమె ప్రశ్న. మాట సబబే. వేసవిలో గౌతమి సన్నబడి మేటలు బయటపడతాయి. పోటు మీద పడవను మేటపైకి తెచ్చి వదిలితే ఆటులో అదే కూర్చుంటుంది. అద్దె లేదు, భోజనం ఇంటి నుండే వస్తుంది. ఏటేటా చేసే గోకుడుకు, పూతకు అంతకంటే మంచి చోటు ఉండదు. కాని పలక మార్చాలంటే పడవ వారాల తరబడి కదలకుండా, వంగకుండా నిలవాలి. ఇసుక కింది నుండి జారిపోతుంది. అడుగుదూలం ఒకచోట ఆని మరొకచోట గాలిలో ఉంటే ముప్పది ఆరు అడుగుల దూలం తన బరువుకే వంగుతుంది. పైగా గాలికి లేచిన ఇసుక తడిపూతకు అంటుకుంటుంది, డ్రిల్లుకు కరెంటు ఉండదు. మేట పూతకు చాలుతుంది, వైద్యానికి చాలదు.

రెండవది ధవళేశ్వరం కాలువల పద్ధతి. కాటన్ దొర ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసింది. ఆ కాలువలు పొలాలకు నీరివ్వడంతో పాటు పడవలు నడవడానికీ తవ్వినవి, అందుకే ఇప్పటికీ దారి పొడవునా లాకులు కనిపిస్తాయి. ఒకప్పుడు కాకినాడ నుండి ఏలూరు, విజయవాడల మీదుగా బకింగ్‌హాం కాలువ పట్టి మద్రాసు వరకు సరుకు పడవలు వెళ్ళేవి. దాళ్వా కోతల తరువాత వేసవిలో కాలువలు కట్టివేస్తారు. నీరు తనంతట తానే దిగిపోయి పడవ కాలువ అడుగున కూర్చుంటుంది. లాగే పని లేదు, పక్కనే రోడ్డు, చెట్ల నీడ. కాలువ పడవల వారికి తరతరాలుగా ఇదే మరమ్మతు కాలం. ఇందులో ఉన్న ప్రమాదం ఒక్కటే. నీరు వదిలే తేదీ పొలాల అవసరాన్ని బట్టి నిర్ణయమవుతుంది, మన పలకను బట్టి కాదు. పక్క తెరిచి ఉన్న పడవ కిందికి నీరు వస్తే చేయగలిగేది ఏమీ లేదు. పైగా కాలువ ఎండిన తరువాత లోపలికి వెళ్ళలేము, ఎండకముందే వెళ్ళి ఉండాలి. భాయ్‌జాన్ బయలుదేరేనాటికి ఆ తలుపు మూసుకుపోయింది.

కాకినాడ జగన్నాథపురం వంతెన దగ్గర నిలబడి చూస్తే అసలైన సందడి తెలుస్తుంది. పెద్ద సోనా బోట్లు, ఫైబర్ పడవలు, లేతు మిషన్లు, వెల్డింగు షెడ్లు, పంకా రెక్కలను సరిచేసేవారు, ఇంజను మేస్త్రీలు, అందరూ ఒకే చోట. ఏ బోల్టు కావాలన్నా పది నిమిషాలలో దొరుకుతుంది. పెద్ద పడవ గలవారు అక్కడికే వెళ్ళాలి. కాని వేట నిషేధం నెలలలో అక్కడ ఖాళీ ఉండదు. నది పడవను ఎవరూ కాదనరు గాని, వరుసలో దాని వంతు చివరిది. పైగా సొంత చేతులతో పనిచేసుకుంటామంటే పక్కవాడి పనికి అడ్డు కాకుండా మసలుకునే జాగా కావాలి.

ఆ మాట వచ్చింది గనుక చెబుతాను. పూర్వం ఒక ఏడాది భాయ్‌జాన్ పడవను వేరొక చోట ఎక్కించారు, పేరు అనవసరం. పడవ గట్టెక్కాక యజమాని వచ్చి, మా మనుషులే పని చేయాలి, రంగు కూడా మా దగ్గరే కొనాలి అన్నాడట. పడవ దిగాలన్నా అతని కప్పీలే కావాలి కనుక ఒప్పుకోక తప్పలేదు. అందువల్ల ఈసారి అడిగిన మొదటి ప్రశ్న అద్దె గురించి కాదు. "పని మేము చేసుకోవచ్చునా, మా వడ్రంగిని తెచ్చుకోవచ్చునా, కరెంటు ఎవరిది, రాత్రి కాపలా ఎవరిది, దింపేటప్పుడు మనుషులు ఎవరు?" ఈ ఐదింటికి సూటిగా సమాధానం ఇవ్వని చోటికి తక్కువ అద్దె అయినా వెళ్ళకూడదని నేను కూడా ఇప్పుడు నమ్ముతాను.

పడమటి పాయ వశిష్ఠ మీద నరసాపురం ఉంది. అవతల సఖినేటిపల్లి, నడుమ పంటు తిరుగుతుంది. గౌతమిలో ఉన్న పడవ అక్కడికి చేరాలంటే సముద్రం మీదుగా చుట్టి రావాలి, లేదా ధవళేశ్వరం దాకా ఎగువకు పోయి రావాలి. కనుక అది మా లెక్కలోకి రాలేదు. అయినా ఆ ఊరి ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేను. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో మచిలీపట్నానికి అవసరమైన ఓడలు నరసాపురంలో తయారయ్యేవి. ఆ రేవు నుండి ఎర్ర సముద్రం వైపు, హజ్ యాత్రికుల దారిన పోయే నౌకలు సాగేవి. పదిహేడవ శతాబ్దంలో డచ్చివారు, ఆంగ్లేయులు కూడా ఓడలు కట్టించుకోవడానికి, బాగుచేయించుకోవడానికి అక్కడికే వచ్చారు. 1614లో పీటర్ ఫ్లోరిస్ అనే వర్తకుడు గ్లోబ్ అనే తన ఓడను మరమ్మతు కోసం నరసాపురం నదిలోకి తెచ్చాడు. అక్కడ ఓడకు చాలినంత లోతు లేదని ముందుగా చాలామంది చెప్పారట. తీరా చూస్తే లోతు చాలింది. నాలుగు వందల ఏళ్ళ తరువాత కూడా రేవుల దగ్గర ఇదే తంతు. లోతు గురించి ఒడ్డున ఉన్నవారి మాట వినాలి, గెడ మాత్రం మనమే వేసి చూడాలి.

మన భాషలో పడవ పనికి వాడే మాటలు గమనించారా? లంగరు, సరంగు, బందరు పారసీకం నుండి వచ్చాయి. చుక్కాని అరబ్బీ సుక్కాన్. కలాసీ, తుఫాను అదే దారిన వచ్చినవి. ఆఖరికి మరమ్మతు అన్న మాట కూడా అరబ్బీ మూలమే. రేవులో ఈ మాటలు పలికే బెస్తవారికి, మేస్త్రీలకు అవి పరాయి మాటలని తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. ఓడలతోపాటు వచ్చి ఇక్కడే లంగరు వేశాయి.

చివరికి మేము వెళ్ళినది తాళ్ళరేవు. యానాం దగ్గర గౌతమి నుండి చీలే కోరంగి పాయ పక్కన, కాకినాడకు పోయే రోడ్డు మీద ఉన్న ఊరు. తాళ్ళు అంటే తాటిచెట్లా, మోకులా అని అడిగితే ఊరివారు నవ్వారు. రెండూ ఆ ఊరికి నప్పుతాయి. పడవలు కట్టే వడ్రంగుల కుటుంబాలు అక్కడ తరతరాలుగా ఉన్నాయి. కాగితం మీద గీసిన నమూనా లేకుండానే, కంటి కొలతతో, నూలుతాడుతో అడుగుదూలం నుండి పైఅంచు దాకా పడవను లేపుతారు. వంపు తిరిగిన తుమ్మ కొమ్మలను ఏరి పక్కటెముకలుగా అమర్చడం చూడవలసిన పని. చెట్టు తానుగా వంగిన చోట నార తెగదు గనుక ఆ ముక్కకు బలం ఎక్కువ.

దానికి కొద్ది దూరంలోనే కోరంగి. ఇప్పుడు అక్కడికి వెళ్ళేవారు మడ అడవులను, చెక్క వంతెనను చూసి వస్తారు. 1978లో ఏర్పడిన అభయారణ్యం అది. ఒకప్పుడు అది పెద్ద ఓడరేవు, ఓడలు కట్టే ఊరు. 1802లో ఎబినేజర్ రోబక్ అనే ఆంగ్లేయుడు అక్కడ ఓడల మరమ్మతుకు డాకు కట్టించాడు. కలకత్తా, ట్రింకోమలీల మధ్య పెద్ద ఓడలను లోపలికి తెచ్చి నీరు తీసి బాగుచేసే వీలు అక్కడే ఉండేదని పాత గెజిటీర్లు చెబుతాయి. అంతకుముందే 1789 డిసెంబరులో ఉప్పెన వచ్చి ఊరిని ముంచింది. 1839 నవంబరులో మరొక ఉప్పెన. మిగిలిన దానిని నది తెచ్చిన ఒండ్రు పూడ్చివేసింది. బర్మాకు వలస పోయిన తెలుగువారిని ఆ దేశంలో కోరంగీలని పిలిచేవారు. ఊరు పూడిపోయినా పేరు సముద్రం దాటి అక్కడ నిలిచింది.

కోరంగి పాయ ఎంపికకు మరొక కారణం ఉంది, దానిని మేస్త్రీ వివరించాడు. సముద్రపు నీటిలో చెక్కను తొలిచే పురుగు ఒకటి ఉంటుంది. నిజానికి అది పురుగు కాదు, ఆలిచిప్పల జాతికి చెందిన మెత్తని ప్రాణి. పైకి సూదిమొన అంత రంధ్రమే కనిపిస్తుంది, లోపల పలక తేనెపట్టులా అవుతుంది. మంచినీటిలో కొన్ని వారాలు ఉంచితే అది చస్తుంది. అందుకే నది ఎగువకు చేరువగా ఉన్న చోటు చెక్క పడవకు మేలు. అయితే మంచినీటికి వేరే శత్రుత్వం ఉంది. వాననీరు నిలిచిన మూలలో చెక్క కుళ్ళుతుంది, ఉప్పునీరు నిలిచిన చోట అంత త్వరగా కుళ్ళదు. పడవ లోపల వాననీరు నిలవనీయకపోవడం సగం మరమ్మతు అన్నాడు.

ఎక్కించే రోజు ఎంపికలో మా ఇళ్ళలో అందరికీ తెలిసిన క్యాలెండరే పనికి వచ్చింది. నెలవంక కనిపించిన రోజులలో, మళ్ళీ పదునాలుగు మొదలు పదిహేడవ తేదీ వరకు పెద్ద పోట్లు వస్తాయి. ఈ తీరంలో అప్పుడు నీటి హెచ్చుతగ్గు సుమారు ఒకటిన్నర మీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అన్నిటికంటే పెద్ద పోటు నాడే ఎక్కించాలని కొత్తవారు అనుకుంటారు. మేస్త్రీ దానికి ఒప్పుకోలేదు. "సాయిబుగారూ, పెద్ద పోటునాడు సగంలో ఆగిపోయిందనుకోండి, మళ్ళీ అంత నీరు రావడానికి పక్షం రోజులు పడుతుంది. పోటు పెరుగుతున్నప్పుడు ఎక్కించండి. ఇవాళ ఆగితే రేపటి నీరు లేపుతుంది" అన్నాడు. అలాగే రెండు రోజులు ముందు ఎక్కించారు. దుంగలు పరచి, మోకులు కట్టి, చేతి కప్పీలతో పద్దెనిమిది మంది లాగారు. శుక్రవారం మధ్యాహ్నం పని ఆపుతామని భాయ్‌జాన్ ముందే చెప్పుకున్నాడు. ఆ పూట మేస్త్రీ తన ఉలులకు పదును పెట్టుకున్నాడు.

గోకే పని కొడుకులది. గుల్లలు, నాచు, పాత పూత పోయేసరికి మూడు రోజులు పట్టింది. అప్పుడు మేస్త్రీ చిన్న సుత్తితో పడవ చుట్టూ కొడుతూ నడిచాడు. గట్టి చెక్క ఖణేలుమంటుంది, చెడినది చప్పగా పలుకుతుంది. అనుమానం వచ్చిన చోట దబ్బనం గుచ్చి చూశాడు. నాలుగు పలకలు పోయాయని అనుకున్నాము, రెండే పోయాయి. కాని ఎవరూ అనుమానించని చోట, ఇంజను కింద, అడుగుదూలానికి పక్కటెముకను పట్టి ఉంచే మూడు మేకులు తుప్పు పట్టి కాగితంలా అయ్యాయి. అసలు ప్రమాదం అక్కడ ఉంది. నడి గోదావరిలో మోటారు అదురుకు అవి విడిపోతే తోడుకోవడానికి సమయం ఉండదు.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర పాపికొండల యాత్ర బోటు మునిగి యాభై మంది వరకు ప్రాణాలు పోయిన సంగతి పాఠకులు మరచి ఉండరు. వరద నీటిలో జరిగిన ఆ ఘోరానికీ, మేకుల తుప్పుకూ సంబంధం లేదు. నది అడుగు నుండి ఆ బోటును అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం మోకులతో, లంగర్లతో బయటికి లాగింది. ఆ దృశ్యం చూసిన తరువాత లంకలలో ఆడవారు పడవ ఎక్కే ముందు అడుగు చూసిందెప్పుడని అడగడం మొదలుపెట్టారని వదిన చెప్పింది. మనుషులను ఎక్కించుకునే పడవలకు అనుమతులు, తనిఖీలు కూడా అప్పటి నుండి కఠినమయ్యాయి. కాని తనిఖీకి వచ్చిన అధికారి నీటిపై ఉన్న పడవ అడుగును చూడలేడు. గట్టెక్కిన నాడు చూడవలసినది సొంతదారే.

ఎండ మరొక శత్రువు. మే నెల ఎండకు చెక్క ఆరి పలకల నడుమ వేలు దూరేంత సందులు పడతాయి. వాటిని చూసి భయపడి బలవంతంగా నార కుక్కితే, నీటిలో దిగాక చెక్క ఉబ్బి పలకనే మేకుల నుండి నెట్టివేస్తుంది. అందుకని కొబ్బరి మట్టల పందిరి వేసి, వదిన కుట్టిచ్చిన గోనె పట్టాలు కప్పి ఉదయం సాయంత్రం తడిపారు. చోటు చూసేటప్పుడు చెట్టు నీడ ఉందా, మంచినీటి కుళాయి ఎంత దూరం అని అడగడం ఇందుకే. పలకలు బిగిసిన తరువాత సందులలో దూది, నార కుక్కి, నూనెలో కాచిన గుగ్గిలం పట్టించారు. లోపలి వైపుకు జీడిగింజల పెంకు నూనె పూశారు. అంతర్వేది దారిలో మోరి జీడిపప్పు ప్రసిద్ధం కదా, ఆ పప్పు తీయగా మిగిలిన పెంకు నుండి వచ్చే నూనె అది. చెక్కకు మందు, చర్మానికి నిప్పు. చేతులకు తొడుగులు లేకుండా ముట్టుకోకూడదు.

పక్కనే ఫైబర్ పడవకు అతుకు వేసుకుంటున్న యువకులు ఉన్నారు. ఈ రోజులలో చిన్న పడవలు ఎక్కువగా ఫైబర్‌వే గనుక వారి పని కూడా గమనించాను. చెక్కకు తడి కావాలి, గాజునారకు తడి పనికిరాదు. గరుకు కాగితంతో రుద్ది, పూర్తిగా ఆరనిచ్చి, అప్పుడే రెజిన్ పూయాలి. ఆ రెజిన్‌లో కలిపే రెండు మందులను, అంటే కోబాల్టును, గట్టిపరిచే పెరాక్సైడును, నేరుగా ఒకదానితో ఒకటి కలిపితే పేలుతుంది. ఒకటి రెజిన్‌లో బాగా కలిపిన తరువాతే రెండవది వేయాలి. ఇంటి పిల్లలు సాయానికి వచ్చే చోట ఈ సీసాలు వేర్వేరు పెట్టెలలో ఉండాలని పెద్దలు గుర్తుంచుకోవాలి. గోకిన పాత పూతను గోనె పరచి పట్టి ఎత్తివేయాలే గాని పాయలోకి ఊడ్చరాదు. అదే నీటిలో చేప, రొయ్య పిల్లలు పెరుగుతాయి.

పౌర్ణమి పోటుకు పడవ దిగింది. గోదావరికి ఎర్రనీరు రావడానికి ఇంకా వ్యవధి ఉంది. మొదటి రాత్రి భాయ్‌జాన్, పెద్ద కొడుకు పడవలోనే పడుకున్నారు. చెక్క ఉబ్బేదాకా నీరు ఊరడం సహజం. గంటకు ఎన్ని బొక్కెనలు తోడారో కూతురు రాసుకుంది: తొమ్మిది, ఏడు, నాలుగు. తెల్లవారేసరికి ఒకటి. నీటిలో దిగిన తరువాత పడవ వంపు కొద్దిగా మారుతుంది గనుక, మోటారు ఇరుసు సూటిగా ఉన్నదీ లేనిదీ ఇంజను మేస్త్రీ మరల సరిచూసి వెళ్ళాడు. ఆటు మొదలుకాగానే యానాం వైపు తిప్పారు. నోటుపుస్తకం చివరి పేజీలో ఖర్జె హసనా ఇచ్చినవారి పేర్లు, వాటి కింద మొదటి వాయిదా తేదీ ఉన్నాయి. ఆ కింద ఆ అమ్మాయి ఇంకొక పంక్తి చేర్చింది: వచ్చే ఏడాది చూడవలసినది, ఎడమ పక్క మూడవ పలక.